‘ప్రస్తుతానికి’ ఎంత కాలం?

ఇంగ్లీషు చదువుకున్న తెలుగువారు తరచుగా వాడే పలుకుబడులలో ‘ఫర్ ది టైమ్ బీయింగ్’ ఒకటి. తరచుగా తప్పు వాడేది కూడ అదే. సెలవు చీటీలో, అద్దె ఇంటి బేరంలో, పెండ్లి సంబంధాన్ని నొప్పించకుండా వాయిదా వేసే ఉత్తరంలో, ఒక్కొక్కప్పుడు ప్రభుత్వ కార్యాలయపు నోటీసు బల్లమీద సైతం అది ‘ఫర్ టైమ్ బీయింగ్’ అనే రూపంలో దర్శనమిస్తుంది. నడుమ ఉండవలసిన ‘ది’ జారిపోతుంది. తెలుగులో అటువంటి ఉపపదం లేదు గనుక అది జారిపోయినట్లు మన చెవికి పట్టదు. ఇంగ్లీషు చెవికి మాత్రం మెట్ల వరుసలో ఒక మెట్టు లేనట్లు తగులుతుంది.

ఆ ‘ది’ ఎందుకు కావాలో తెలియాలంటే చివరనున్న ‘బీయింగ్’ సంగతి చూడాలి. ఇక్కడ ‘బీయింగ్’ అంటే ‘ఉండడం’ కాదు, ‘ఉన్న’ అని అర్థం. ‘ది టైమ్ బీయింగ్’ అంటే ఉన్న కాలం, నడుస్తున్న కాలం. విశేషణం నామవాచకానికి ముందు రావడం ఇంగ్లీషు పద్ధతి. ఈ పలుకుబడిలో మాత్రం పాతకాలపు వాక్యనిర్మాణం మిగిలిపోయి, విశేషణం వెనుకకు చేరింది. లాటిన్‌లో ‘ప్రో టెంపొరె’ అనే మాటకు ఇది దగ్గరి చుట్టం. ఏదో ఒక కాలం కాదు, ఫలానా కాలం అని వేలుపెట్టి చూపుతున్నాం కనుక ‘ది’ తప్పదు.

ఇక వాడుక. ‘వి ఆర్ స్టేయింగ్ విత్ మై అంకుల్ ఫర్ ది టైమ్ బీయింగ్’ అన్నవాడు ఎన్నాళ్లుంటాడో చెప్పలేదు. ఇల్లు దొరికేవరకు బాబాయిగారింట తల దాచుకుంటున్నామని మాత్రమే చెప్పాడు. అదే వాక్యంలో ‘ఫర్ సమ్ టైమ్’ అని ఉంటే కొంతకాలం అనే కొలత ఉన్నది, ఆ తరువాత ఏమిటన్న ప్రస్తావన లేదు. ‘ఫర్ ది టైమ్ బీయింగ్’ లో కొలత లేదు, తరువాత మార్పు ఉంటుందన్న సూచన ఉన్నది. వైద్యుడు ‘టేక్ దీజ్ టాబ్లెట్స్ ఫర్ ది టైమ్ బీయింగ్’ అంటే ఎన్ని రోజులని రోగి అడుగుతాడు. ఆ వాక్యంలో దానికి జవాబు లేదు. పరీక్షల ఫలితం వచ్చి వేరే మందు నిర్ణయమయ్యేవరకు అని వైద్యుని భావం. బాబాయిగారి భార్యకు కూడ ఈ భేదం బాగా తెలిసి ఉంటుంది. ‘ప్రస్తుతానికి’ వచ్చిన చుట్టానికి పక్క ఎక్కడ వేయాలో ఆమెయే నిర్ణయించాలి గదా.

తెలుగులో దీనికి ‘ప్రస్తుతానికి’, ‘ఇప్పటికి’ అనే మాటలు చక్కగా అమరుతాయి. జరిగిపోయిన కథ చెప్పేటప్పుడు మాత్రం మన భాష మాట మారుస్తుంది. ‘వాళ్లను అప్పటికి బడిలో ఉంచారు’ అంటాము, ‘ప్రస్తుతానికి బడిలో ఉంచారు’ అనము. ఇంగ్లీషు ఈ పట్టింపు పెట్టుకోలేదు. నిన్నటికీ నేటికీ రేపటికీ అదే పలుకుబడి. కనుక దానిని తెలుగు చేసేవారు ముందుగా క్రియాపదం ఏ కాలంలో ఉన్నదో చూసుకోవాలి.

ఈ పలుకుబడి వేసే వేషాలన్నీ ఒకేచోట చూడదలచినవారు బంగాళాఖాతం దాటి అండమాన్ వెళ్లాలి. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. అక్కడ ‘నడుస్తున్న కాలం’ ఏది అన్నదే కొంత చిక్కు ప్రశ్న. దేశానికంతకూ గడియారం నిర్ణయించే 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ సమీపంగా పోతుంది. దీవుల ముఖ్యపట్టణం అంతకు పది డిగ్రీలు తూర్పున ఉన్నది. జూన్ నెలలో అక్కడ గడియారం అయిదు కొట్టకముందే సూర్యుడు ఉదయిస్తాడు. నవంబరులో సాయంత్రం అయిదు కాకుండానే అస్తమిస్తాడు. సూర్యుడొక లెక్క, సర్కారొక లెక్క.

ఆ పట్టణపు కథ ‘అప్పటికి’ అనే మాటతోనే మొదలయింది. 1789 లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అక్కడి రేవులో ఒక వలసను నెలకొల్పాడు. 1792 లో దానిని ఉత్తర అండమాన్‌కు తరలించారు. రోగాలకు జనం రాలిపోతూ ఉంటే 1796 లో మొత్తానికే ఎత్తివేశారు. ‘ఫర్ ది టైమ్ బీయింగ్’ ఎత్తివేసిన ఆ వలస అరవై రెండేళ్లకు గాని తిరిగి రాలేదు. 1857 తిరుగుబాటు చెలరేగిన మీదట, 1858 మార్చి 10 న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందలమంది ఖైదీలతో అక్కడ దిగాడు. పట్టణానికి మొదటి వలసదారుడైన బ్లెయిర్ పేరే నిలిచింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది.

రేవు ముందరి రాస్ ద్వీపం పాలనకు కేంద్రమయింది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, క్లబ్బు, బజారు అన్నీ ఆ చిన్న దీవిమీదనే. 1941 జూన్ 26 న వచ్చిన పెద్ద భూకంపానికి కట్టడాలు బీటలు వారగా కార్యాలయాలను ఎదుటి గట్టుకు తరలించారు. ఇటువంటి తరలింపును గురించి వ్రాసేటప్పుడే ‘ది ఆఫీసెస్ వర్ షిఫ్టెడ్ ఫర్ ది టైమ్ బీయింగ్’ అనే వాక్యం సరిగా అతుకుతుంది. మరునాటి మాట చెప్పనక్కరలేదు. 1942 మార్చిలో జపాను సైన్యం దిగింది. 1945 లో బ్రిటిషువారు తిరిగి వచ్చారు, కాని రాస్ ద్వీపం మళ్లీ రాజధాని కాలేదు. ఆ గోడలను ఇప్పుడు మర్రిజాతి చెట్ల వేళ్లు పట్టి నిలబెడుతున్నాయి. జింకలు తిరుగుతున్నాయి. 2018 డిసెంబరులో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు.

ఈ పలుకుబడికి ఎదురు నిలిచేది ‘ఫర్ లైఫ్’ అనే మాట. జీవితాంతం. ఖైదీల వలసలో రాజ్యమేలినది అదే. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. అండమాన్‌లో ‘జీవితాంతం’ అన్నది చాలమంది విషయంలో జీవితాంతం కాలేదు. వినాయక్ దామోదర్ సావర్కర్‌కు రెండు యావజ్జీవ శిక్షలు కలిపి యాభై ఏండ్లు పడింది. 1911 లో సెల్యులర్ జైలుకు చేరినప్పుడు విడుదల సంవత్సరం 1960 గా లెక్కకట్టారు. పదేళ్ల తరువాత 1921 లో ఆయనను ప్రధాన భూమికి మార్చారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతరవాస శిక్షపై అండమాన్ చూసి వచ్చినవాడే. 1952 లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఆయన ఎన్నికైనాడు. శిక్ష విధించిన న్యాయమూర్తి ఊహలో ఆ వాక్యానికి చోటు ఉండి ఉండదు. హైదరాబాదులో 1857 నాటి రెసిడెన్సీ ముట్టడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్ విషయంలో మాత్రం మాట నిజమయింది. ఆయన అక్కడనే కన్ను మూశాడు.

జైలుదీ అదే వరస. 1896 లో మొదలుపెట్టి 1906 లో ముగించిన కట్టడం అది. ఏడు విభాగాలు, ఏడు వందలకు చేరువలో ఒంటరి కొట్లు, మనిషి ముఖం మరొక మనిషికి కనబడని ఏర్పాటు. శాశ్వతంగా ఉండాలని ఇటుక పేర్చినది. అందులో నేడు మిగిలినవి మూడు విభాగాలే. తక్కినవాటి ఆవరణలో ఆసుపత్రి వెలసింది. 1979 ఫిబ్రవరి 11 న మిగిలిన భాగాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

శాశ్వతమనుకున్నవి ఇలా ఉంటే ‘ఇప్పటికి’ వచ్చినవారు నిలిచిపోయారు. శిక్షాకాలంలో కొంత గడిచి మంచి నడవడి చూపిన ఖైదీకి టికెట్ ఇచ్చి, సొంతంగా సేద్యమో వ్యాపారమో చేసుకోనిచ్చేవారు. వారి సంతతి ఇప్పటికీ అక్కడ ఉన్నది. వారికి కులం పేరు కాక, ఊరి పేరు కాక, ఒక సంవత్సరం పేరు అంటుకున్నది. జపాను రాకకు ముందునుంచి ఉన్నవారు గనుక వారిని ‘ప్రీ-42’ అంటారు. స్వాతంత్ర్యానంతరం 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి చేపల వేటకు, కూలికి, చిల్లర వ్యాపారానికి తెలుగువారు వెళ్లారు. నాలుగు డబ్బులు వెనుక వేసుకుని వచ్చేద్దామన్న మాట మీదనే అటువంటి ప్రయాణాలు సాగుతాయి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల మూడు లక్షల ఎనభై వేలమందిలో దాదాపు 13 శాతం తమ మాతృభాష తెలుగు అని చెప్పారు.

ఇంతవరకు పలుకుబడి మొదటి అర్థమే చూశాము. రెండవ అర్థం మరింత జాగ్రత్త కోరుతుంది. పొరపాటు పడితే మొదటిదానిలో వ్యాకరణం చెడుతుంది, రెండవదానిలో ఆస్తి చెడుతుంది.

చట్టాలలో ‘ఎనీ లా ఫర్ ది టైమ్ బీయింగ్ ఇన్ ఫోర్స్’ అని పదే పదే వస్తుంది. దానిని ‘తాత్కాలికంగా అమలులో ఉన్న చట్టం’ అని తెలుగు చేసినవారు లేకపోలేదు. అది పూర్తిగా తప్పు. అక్కడ తాత్కాలికమైన చట్టమేదీ లేదు. ఆ ప్రశ్న తలెత్తిన సమయంలో ఏ చట్టం అమలులో ఉంటే ఆ చట్టం అని అర్థం. ఈనాడు తలెత్తితే ఈనాటిది, ఇరవై ఏళ్లకు తలెత్తితే అప్పటిది. సాధారణంగా ఈ పలుకుబడి ఒక్క క్షణానికి అంటిపెట్టుకోదని, కాలంతోపాటు మారే పరిస్థితిని కూడ చెబుతుందని, సందర్భాన్నిబట్టి నిర్ణయించాలని ఇంగ్లండులోని న్యాయస్థానాలు పందొమ్మిదవ శతాబ్దంలోనే చెప్పాయి. ప్రభుత్వపు తెలుగు అనువాదాలలో ‘తత్సమయమున అమలునందున్న’ అనే కూర్పు కనిపిస్తుంది. వినడానికి బరువుగా ఉన్నా అర్థం చెడలేదు.

విశేషమేమిటంటే ‘తాత్కాలికం’ అనే మాటకు మూలంలో ఉన్న అర్థం కూడ ఇదే. ‘తత్కాలం’ అంటే ఆ కాలం. ఆ కాలానికి చెందినది తాత్కాలికం. కొద్దికాలమే ఉంటుందన్న భావం తరువాత వచ్చి కూర్చున్నది. వాడుకలో అది ఎంత గట్టిగా కూర్చున్నదంటే ఇక మూలార్థాన్ని లేవదీయడం సాధ్యం కాదు. రైల్వేవారి ‘తత్కాల్’ టికెట్టు మరొక దారి పట్టి ‘వెంటనే’ అనే అర్థంలో స్థిరపడింది. ఒక్క మాట మూడు భాషలలో మూడు కాపురాలు పెట్టింది.

అండమాన్ నికోబార్ దీవుల పాలనకు సంబంధించిన ఒక ముఖ్యమైన అధికారం ఈ పలుకుబడి చుట్టూ అల్లుకుని ఉన్నది. భారత రాజ్యాంగంలోని 240 వ అధికరణం కొన్ని కేంద్రపాలిత ప్రాంతాల శాంతికి, పురోగతికి, సుపరిపాలనకు రెగ్యులేషన్లు చేసే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆ పట్టికలో మొదటి పేరు అండమాన్ నికోబార్ దీవులదే. అట్టి రెగ్యులేషన్ పార్లమెంటు చేసిన చట్టాన్ని గాని, ఆ ప్రాంతానికి ‘ఫర్ ది టైమ్ బీయింగ్’ వర్తించే మరే శాసనాన్ని గాని రద్దు చేయవచ్చు, సవరించవచ్చు. ఇక్కడ ‘తాత్కాలికంగా వర్తించే’ అని చదివినవాడు, తాత్కాలిక శాసనాల జోలికి మాత్రమే పోవచ్చుననుకుంటాడు. నిజానికి ఆ వేళకు ఆ దీవులకు వర్తించే ఏ శాసనమైనా దాని పరిధిలోనిదే. జారవాలు, సెంటినలీయులు, ఓంగీలు, షోంపెన్లు మొదలైన ఆదివాసుల నేలలోకి పరాయివారు చొరబడకుండా 1956 లో జారీ అయిన సంరక్షణ రెగ్యులేషన్ కూడ రాష్ట్రపతికి ఆ దీవులపై గల ఇటువంటి అధికారంతో వచ్చినదే. ఒక పలుకుబడిని చదివే తీరులో ఎంత అరణ్యం ఇమిడి ఉన్నదో దీనినిబట్టి ఊహించవచ్చు.

మూడవ వాడుక పదవులకు సంబంధించినది. ఒక సంఘపు ఆస్తిని ‘ది ప్రెసిడెంట్ ఫర్ ది టైమ్ బీయింగ్’ పేర వ్రాశారనుకుందాం. దీనిని ‘తాత్కాలిక అధ్యక్షుడు’ అని తెలుగు చేస్తే అసలు అధ్యక్షుడు కాశీకి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చున్నవాడికి ఆస్తి సంక్రమిస్తుంది. తాత్కాలిక అధ్యక్షునికి ఇంగ్లీషులో ‘యాక్టింగ్ ప్రెసిడెంట్’ అని వేరే మాట ఉన్నది. ఇక్కడ ఉద్దేశించినది ఏ కాలంలో ఎవరు ఆ పదవిలో ఉంటే వారు అని. ‘అప్పటి అధ్యక్షుడు’ అన్నా చాలదు, అది గతకాలపు మనిషిని గుర్తుకు తెస్తుంది. ‘ఆయా కాలమున పదవియందున్న అధ్యక్షుడు’ అనవలసి వస్తుంది. పొడుగైనదే, కాని దస్తావేజులో పొడుగు తప్పు కాదు, పొరపాటు తప్పు. పదవులకు ఈ జాగ్రత్త ఎందుకో అండమాన్ చెబుతుంది. 1982 నవంబరు వరకు ఆ దీవుల పాలనాధిపతి చీఫ్ కమిషనర్, ఆ తరువాత లెఫ్టినెంట్ గవర్నర్. మనుషులే కాదు, బిరుదులు సైతం మారుతాయి.

పక్కనే ఉండే మరొక పలుకుబడి ‘ఫ్రమ్ టైమ్ టు టైమ్’. దీనిని కొందరు ‘అప్పుడప్పుడు’ అంటారు. ఉత్తరాలలో అది సరే. చట్టంలో మాత్రం ‘ఎప్పటికప్పుడు’ అనాలి. అప్పుడప్పుడు సవరించే నియమాలు వేరు, ఎప్పటికప్పుడు సవరించే నియమాలు వేరు. ఒక్క మాట తేడాలో ఉద్యోగి బద్ధకమూ శ్రద్ధా వేరుపడతాయి.

మరల మొదటి అర్థానికి వస్తే, దానికి అన్నిటికంటె కఠినమైన పరీక్ష 2004 డిసెంబరు 26 న వచ్చింది. ఉదయం ఆరున్నర కావస్తుండగా సుమత్రా తీరంలో భూమి కంపించింది. కొద్దిసేపటికే సముద్రం నికోబార్ దీవులమీదికి లేచింది. దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1972 నుంచి గట్టుమీద వెలుగుతున్న దీపస్తంభం నీటిలో నిలబడి కనిపించింది. బ్రతికి బయటపడినవారిని తరలించి మొదట శిబిరాలలో, పిమ్మట రేకుల ఇండ్లలో ఉంచారు. వాటికి ప్రభుత్వం పెట్టిన పేరు ‘ఇంటర్మీడియట్ షెల్టర్లు’, అంటే నడిమి ఆశ్రయాలు. వెనుక పోయిన ఇల్లు, ముందు రాబోయే ఇల్లు, ఈ రెంటి నడుమది అని. కొబ్బరాకుల నీడన, స్తంభాలమీద గుండ్రటి ఇండ్లలో గాలికి అలవాటుపడిన నికోబారీలు రేకుల ఉక్కలో ఏళ్ల తరబడి గడిపారు. శాశ్వతగృహాలు తరువాత వచ్చాయి.

గ్రేట్ నికోబార్ పడమటి తీరంలో ఉండిన గ్రామాలవారిని తూర్పున క్యాంప్‌బెల్ బే వద్దకు తెచ్చి, న్యూ చింగెన్, రాజీవ్ నగర్ అనే చోట్ల ఉంచారు. తమ పూర్వీకుల ఊళ్లకు, కొబ్బరితోటలకు, సమాధులకు తిరిగి వెళ్లాలన్నది వారి కోరిక. రెండు దశాబ్దాలు దాటినా ఆ కోరిక తీరలేదు. ఈ నడుమ 2022 లో అదే దీవిలో పెద్ద రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకానికి పర్యావరణ అనుమతి వచ్చింది. పాత ఊళ్ల భూములు ఎవరివన్న ప్రశ్న పదునెక్కింది. తమ భూములను వదలుకోలేదని, తిరిగి పోనివ్వమని ఆదివాసీ మండలి అధికారులకు విన్నవించుకున్నది.

ఈ సంగతిని ఇంగ్లీషులో ఒక వాక్యంగా వ్రాయబోతే చిక్కు వస్తుంది. ‘దే హావ్ బీన్ లివింగ్ దేర్ ఫర్ ది టైమ్ బీయింగ్ సిన్స్ 2004’. వ్యాకరణం తెలిసిన ఉపాధ్యాయుడు ఈ వాక్యంలో ఎఱ్ఱ సిరాతో గీత పెడతాడు. ‘సిన్స్ 2004’ ఉన్నచోట ‘ఫర్ ది టైమ్ బీయింగ్’ ఇమడదని, రెండింటిలో ఒకటి తీసివేయమని అంటాడు. ఆ మాట నిజమే. మొదటిది తీసివేస్తే వారు వచ్చిన సంవత్సరం పోతుంది. రెండవది తీసివేస్తే వారు అక్కడి కాపురస్థులై, పడమటి తీరపు ఊళ్లు ఖాళీ భూములవుతాయి.